లెక్క కుదిరిందంటే నిజమైపోయినట్టేనా?

చాక్‌పీసు_మాస్టారు
నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ వారం తొమ్మిదో తరగతిలో నాకు జరిగిన పరాభవాన్ని ఇక్కడ రాస్తే మనసు కొంత తేలికపడుతుందని రాస్తున్నాను. హనుమాన్ చాలీసాలోని ‘యుగ సహస్ర యోజన’ అన్న మాటల్లో సూర్యుడి దూరం దాగి ఉందనే లెక్క మీరందరూ ఫోన్లలో చూసే ఉంటారు. యుగమంటే 12,000, సహస్రమంటే 1,000, యోజనమంటే 8 మైళ్ళు అని చెప్పి, మూడింటినీ గుణించి, 9 కోట్ల 60 లక్షల మైళ్ళు తెస్తారు. మైలును 1.6 కిలోమీటర్లనుకుంటే అది 15 కోట్ల 36 లక్షల కిలోమీటర్లు. నేటి శాస్త్రం చెప్పే సగటు దూరం సుమారు 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. ఆరేళ్ళుగా సౌరకుటుంబం పాఠం వచ్చినప్పుడల్లా నేను ఈ గుణకారాన్ని నల్లబల్ల మీద వేసి చూపిస్తున్నాను. చివరి సున్నా పడగానే పిల్లల ముఖాలు వెలిగిపోవడం చూడడం నాకు మహా ఇష్టం.

ఈసారి మూడో వరుసలోని పిల్లవాడొకడు లేచి, “కలియుగం 4,32,000 ఏళ్ళని మా తాతయ్య చెప్పారు, మీరు 12,000 ఎందుకు తీసుకున్నారు సార్?” అని అడిగాడు. అవి దివ్య సంవత్సరాలని, నాలుగు యుగాలూ కలిపితే అంత వస్తుందని చెప్పాను. వాడు కూర్చోలేదు. “దూరం లెక్కలోకి సంవత్సరాలు ఎందుకు వచ్చాయి సార్?” అన్నాడు. అంతలో గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

నా బాధ ఆ లెక్క తప్పయినందుకు కాదు. ఏ లెక్కలోనైనా ముందు ప్రమాణాలు సరిపోయాయో లేదో చూసుకోవాలని ఏటా మొదటి పాఠంలోనే చెప్పేవాణ్ణి నేను. కాలాన్ని దూరంతో గుణిస్తే దూరం రాదని నాకు తెలియక కాదు. తెలిసిన మనిషికి ఆరేళ్ళపాటు అది ఎందుకు కనపడలేదు? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

గోదారిగట్టు
మా కుటుంబ గ్రూపులో ఆ సందేశం ఈ ఏడాది నాలుగోసారి వచ్చింది. పంపినవారు మా పెద్దమామయ్య, విశ్రాంత ఇంజినీరు. మీరు ఒంటరివారు కారు, మాస్టారూ.

లెక్కలపిచ్చి
ఆ పిల్లవాడి మొదటి ప్రశ్నలోనే మొత్తం కిటుకు ఉంది. యుగానికి మన గ్రంథాల్లో ఎన్ని విలువలు ఉన్నాయో ఒకసారి పేర్చి చూడండి. దివ్య సంవత్సరాల్లో 1,200, 2,400, 3,600, 4,800, అన్నీ కలిపితే 12,000. మానవ సంవత్సరాల్లో 4,32,000 నుంచి 43,20,000 దాకా మరో ఐదు. వేదాంగ జ్యోతిషంలో యుగమంటే ఐదేళ్ళే. ఇక శ్లోకాల్లో అంకెలను మాటలతో చెప్పే భూతసంఖ్యా పద్ధతిలో యుగమంటే 4. మొత్తం పన్నెండు విలువలయ్యాయి. యోజనం కూడా ఒక్కటి కాదు. భూమి వ్యాసం సూర్యసిద్ధాంతంలో 1,600 యోజనాలు, ఆర్యభటీయంలో 1,050 యోజనాలు. అసలు వ్యాసం 12,742 కిలోమీటర్లు కాబట్టి మొదటి లెక్కన యోజనం సుమారు 5 మైళ్ళు, రెండో లెక్కన సుమారు ఏడున్నర మైళ్ళు. మాస్టారు తీసుకున్న 8 మైళ్ళను కూడా కలుపుకుంటే మూడు యోజనాలు.

పన్నెండును మూడుతో గుణిస్తే 36 జవాబులు. అన్నిటికన్నా చిన్నది 20,000 మైళ్ళు, అంటే భూమి చుట్టుకొలతంత కూడా లేదు. అన్నిటికన్నా పెద్దది 3,456 కోట్ల మైళ్ళు. ఆ పిల్లవాడి తాతయ్య చెప్పిన కలియుగాన్ని 8 మైళ్ళ యోజనంతో వేస్తే సూర్యుడు 345 కోట్ల మైళ్ళ దూరంలో, నెప్ట్యూన్‌కు అవతల తేలతాడు. ఈ ముప్ఫైయారింటిలో అసలు దూరానికి దగ్గరగా వచ్చేవి రెండే, మనకు చూపించేది ఒక్కటే. మిగతా ముప్ఫైయైదూ ఎవరి ఫోనుకూ రావు.

డల్లాస్_శేషు
లెక్కలపిచ్చి గారు చెప్పినది విన్నాను కానీ ఒప్పుకోలేను. వచ్చిన జవాబుకూ అసలు దూరానికీ మధ్య తేడా సుమారు మూడు శాతమే. కోట్ల మైళ్ళ దూరంలో అంత దగ్గరి పొంతన యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కూడా ఒక రకమైన మూఢనమ్మకమే. మన పూర్వుల తెలివిని తక్కువ చేసి మాట్లాడడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది.

లెక్కలపిచ్చి
శేషు గారూ, యాదృచ్ఛికం ఎంత సుళువుగా కుదురుతుందో మీ పేరుతోనే చూపిస్తాను. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది పద్ధతిలో ‘శ’ అంటే 5, ‘ష’ అంటే 6. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి శేషు అంటే 65. కర్ణాటక సంగీతంలో 65వ మేళకర్త రాగం మేచకల్యాణి, అంటే మన కల్యాణి. అక్కడ కూడా ‘మే’ అంటే 5, ‘చ’ అంటే 6. అంటే మీ తల్లిదండ్రులు మిమ్మల్ని కల్యాణి రాగంలో కన్నారు. నేను ఇందులో ఒక్క అంకె కూడా మార్చలేదు.

డల్లాస్_శేషు
నాకు మోహన రాగం ఇష్టం. అయినా నవ్వాను, ఒప్పుకుంటాను.

పాతపంచాంగం
మా ఇంట్లో మూడు తరాలుగా పంచాంగ గణితం చేస్తున్నాం కాబట్టి, పూర్వుల తెలివి గురించి శేషు గారు అన్న మాటకు జవాబు చెప్పే బాధ్యత నాకుందనుకుంటున్నాను. సూర్యుడి దూరం గురించి పూర్వులు ఏమన్నారో చాలీసాలో వెతకనక్కరలేదు. సూర్యసిద్ధాంతంలో సూటిగానే ఉంది. చంద్రకక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలు, రవికక్ష్య చుట్టుకొలత 43,31,500 యోజనాలు.

చుట్టుకొలత నుంచి చంద్రుడి దూరం తీస్తే సుమారు 51,600 యోజనాలు వస్తుంది. సూర్యసిద్ధాంతపు యోజనం 8 కిలోమీటర్లనుకుంటే (పైన వచ్చిన 5 మైళ్ళే), 4 లక్షల 12 వేల కిలోమీటర్లు. అసలు సగటు 3,84,400. దుర్భిణి లేని కాలంలో ఇంత దగ్గరికి రావడం చూసి నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అదే పద్ధతిలో సూర్యుడి దూరం తీస్తే సుమారు 55 లక్షల కిలోమీటర్లే వస్తుంది. అసలు దూరంలో ఇది ఇరవైయేడో వంతు.

ఒకటి అంత బాగా కుదిరి, రెండోది ఇంతగా ఎందుకు తప్పింది? చంద్రుడి దగ్గర కొలవడానికి ఒక ఆధారం ఉంది. భూమి మీద మన చోటు మారితే చంద్రుడు నక్షత్రాల మధ్య జరిగినట్టు కనిపిస్తాడు. సంస్కృతంలో దానిని లంబనమంటారు. సూర్యుడి లంబనం కంటికి అందనంత చిన్నది. అందుకని సిద్ధాంతకారులు కొలతకు బదులు ఒక అందమైన ఊహను తెచ్చారు: గ్రహాలన్నీ రోజుకు ఒకే దూరం, సుమారు 11,859 యోజనాలు, నడుస్తాయన్నారు. ఎవరి చుట్టు ఎక్కువ రోజులు పడితే వారి దారి అంత పొడవన్నమాట. సూర్యుడికి 365.26 రోజులు, చంద్రుడికి 27.32 రోజులు, భాగించి 3,24,000తో గుణించి చూడండి, ఆ 43,31,500 దాదాపుగా మీ ముందుకు వస్తుంది. చిన్నప్పుడు మా నాన్నగారు పలక మీద ఇది చేసి చూపించినప్పుడు, ఇంత పొందికైనది తప్పయ్యే అవకాశమే లేదనుకున్నాను. తప్పే. దూరమైన గ్రహం మెల్లగా నడుస్తుంది.

శేషు గారూ, నా గోడు ఇది. మన పూర్వులు నిజంగా కొలిచి సాధించిన చంద్రుడి దూరం గురించి ఒక్కరూ సందేశం పంపరు. వారు చెప్పని అంకెను వారి నోట పెట్టి, దానికి దండాలు పెడుతున్నాం.

సావిత్రి_పారాయణం
నేను రోజూ చాలీసా చదువుతాను. పసివాడు ఎర్రటి సూర్యుణ్ణి తియ్యని పండనుకుని పైకెగిరాడని కవి చెప్పిన చోట మనం టేపు పట్టుకుని నిలబడడమేమిటో నాకు అర్థం కాదు. లెక్క తప్పని తేలినంత మాత్రాన నా పారాయణానికి వచ్చిన లోటేమీ లేదు.

సీమబిడ్డ_అనంత
మాస్టారి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఒక బోరు దగ్గర ఉంది. మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. మా నాన్న వేరుశనగ కొంత తగ్గించి చీనీ చెట్లు పెడదామని, నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని, పీచు కొనను ముందుకు తిప్పి, చేను మొత్తం చెప్పుల్లేకుండా నడిచాడు. తూర్పు గట్టు దగ్గర కాయ మెల్లగా లేచి నిలువుగా నిలబడింది. మా చిన్నాన్న అక్కడే రాయి పాతాడు.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, సైన్సు చదువుతున్నాను. ఇదంతా నమ్మనని ఇంట్లో గొడవపడేవాణ్ణి. నన్ను నమ్మించింది ఆ కొబ్బరికాయ కాదు, ఆయనతో వచ్చిన చదువుకున్న కుర్రవాడు. భూమి లోపల బండల సందుల్లో నీరు పారేటప్పుడు రాపిడికి విద్యుత్తు పుడుతుందనీ, కొబ్బరినీళ్ళలో లవణాలున్నాయి కాబట్టి వాటి అయాన్లు ఆ విద్యుత్తుకు స్పందిస్తాయనీ, మనిషి ఒళ్ళు తీగలాగా పనిచేస్తుందనీ నేల మీద పుల్లతో బొమ్మ గీసి చెప్పాడు. అందులోని ప్రతి మాటా నా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. రాత్రి పడుకున్నాక నేనే నాన్నకు ఇంకాస్త మెరుగుపెట్టి వివరించాను. ఆ మాటకు వస్తే మా నాన్న సందేహాన్ని చంపింది నేనే.

మొదటి బోరు 520 అడుగుల దాకా తెల్లటి దుమ్మే లేచింది. కొంచెం పక్కకు జరపమంటే జరిపి వేసిన రెండో బోరు 600 అడుగుల దగ్గర తడి చూపించి ఆగింది. అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది. కేసింగ్ పైపు ఇంకా గట్టు మీద నిలబడే ఉంది. మూత కోసం దాని మీద బండరాయి పెట్టాం.

గోదారిగట్టు
మీ కష్టానికి బాధగా ఉంది. కానీ మా అత్తగారి ఊళ్ళో అదే పద్ధతిలో చూపిన మూడు చోట్లా నీళ్ళు పడ్డాయి. దానికి ఏమంటారు?

సీమబిడ్డ_అనంత
మీ అత్తగారిది డెల్టా అయితే కళ్ళు మూసుకుని గడ్డపార వేసినా నీళ్ళు పడతాయండి. మా దగ్గర గట్టి రాయి, నీరు దాని పగుళ్ళలోనే ఉంటుంది. ఆ తరువాత నేను అడగడం నేర్చుకున్న ప్రశ్న ఒక్కటే: కాయ లేవని చోట ఎవరైనా బోరు వేసి చూశారా? ఎవరు వేస్తారు? డబ్బులు ఊరికే వచ్చాయా?

గోదారిగట్టు
డెల్టానే. ఆ మాట మా అత్తగారితో మీరే చెప్పాలి.

నిద్రపట్టనివాడు
సీమబిడ్డ గారి ‘అయాన్ల’ కుర్రవాడి గురించి ఒక మాట. 2008లో డీనా వైస్‌బర్గ్ బృందం అచ్చంగా దీన్నే పరీక్షించింది. మనుషుల ప్రవర్తనకు కొన్ని సరైన వివరణలు, కొన్ని పసలేని వివరణలు ఇచ్చి, వాటిలో కొన్నింటికి మెదడు గురించి ఒక వాక్యం తగిలించారు. ఆ వాక్యానికి వివరణతో ఏ పనీ లేదు. అయినా మామూలు పాఠకులకూ, ఆ విషయం చదువుతున్న విద్యార్థులకూ అది తగిలించిన పసలేని వివరణలు మెరుగ్గా అనిపించాయి. నిపుణులు మాత్రం మోసపోలేదు. కొంచెం చదువు మనల్ని కాపాడకపోగా మోసానికి పట్టు ఇస్తుందేమోనని నాకు అనుమానం. మా నాయనమ్మకు అయాన్ల గురించి చెప్పినా ఒక్క రూపాయి ఇచ్చేది కాదు.

2000లో మెక్‌గ్లోన్, తొఫిగ్‌బక్ష్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఇంకా చిన్నది. అర్థం ఒకటే అయినా ప్రాస ఉన్న సూక్తిని, ప్రాస లేని సూక్తికన్నా ఎక్కువ నిజమని జనం అంచనా వేశారు. మాట తీరును పక్కన పెట్టి అర్థాన్ని మాత్రమే చూడమని ముందే చెప్పినప్పుడు ఆ తేడా తగ్గింది. మాస్టారి పిల్లవాడు చేసిందీ అదే. అందరూ చివరి సున్నా కోసం ఎదురుచూస్తుంటే వాడు మొదటి అంకె దగ్గర ఆగాడు.

సావిత్రి_పారాయణం
ప్రాస సంగతి మన సామెతల్లో చూడవచ్చు. తొందరపెట్టాలనుకున్న రోజు “ఆలస్యం అమృతం విషం” అంటాం, ఆపాలనుకున్న రోజు “నిదానమే ప్రధానం” అంటాం. రెంటికీ అందరూ తలూపుతారు. మా ఆయన ఒకే పెళ్ళిచూపుల విషయంలో రెండూ వాడారు.

డల్లాస్_శేషు
పాతపంచాంగం గారి పోస్టును రెండుసార్లు చదివాను. చంద్రుడి లెక్క నాకు నిజంగా తెలియదు; చాలీసా లెక్క విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక ప్రశ్న మిగిలింది. పొందికగా ఉన్నదల్లా అనుమానించమంటే శాస్త్రం కూడా నిలబడదు కదా? నేను సాఫ్ట్‌వేర్ పనిలో అనుసరించే సూత్రం ఒకటుంది: జరిగిపోయినదాన్ని వివరించడం ఎవరికైనా వస్తుంది, జరగబోయేదాన్ని ముందే చెప్పగలిగితే అది నిజం. ఈ కొలత చాలదా?

ఆకాశవీధి
శేషు గారి కొలత మంచిదే కానీ అది కూడా ఒకసారి ఘోరంగా మోసం చేసింది. 18వ శతాబ్దంలో టీషియస్, బోడె అనే జర్మన్లు ప్రచారంలో పెట్టిన వరుస చూడండి. 0, 3, 6, 12, 24, 48, 96 రాసి, ప్రతిదానికీ 4 కలపండి: 4, 7, 10, 16, 28, 52, 100. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 10 అనుకుంటే బుధుడు 3.9, శుక్రుడు 7.2, అంగారకుడు 15.2, గురుడు 52, శని 95. 28 దగ్గర మాత్రం ఖాళీ. 1781లో హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. వరుస ప్రకారం 196 ఉండాలి, 192 ఉంది. 1801 జనవరి 1న ఖాళీ చోట సెరెస్ అనే చిన్న గ్రహం దొరికింది, 27.7 దగ్గర. ఒకటి కాదు, రెండు జోస్యాలు ఫలించాయి. ఆ రోజుల్లో దీనిని కాదన్నవాణ్ణి మొండివాడనేవారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. వరుస 388 అంది, అది 301 దగ్గర ఉంది.

ఇంకొక జర్మన్ సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. కెప్లర్ 1596లో ఆరు గ్రహాల కక్ష్యల మధ్య ఐదు సమఘనరూపాలను (ముఖాలన్నీ ఒకేలా ఉండే ఘనాకారాలను) ఒకదానిలో ఒకటి అమర్చి, దేవుడి నమూనా దొరికిందని సంబరపడ్డాడు. ఆ మనిషే తరువాత అంగారకుడి దారిని వృత్తాలతో కుదర్చబోయి, ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ కొలతలతో 8 నిమిషాల కోణం తేడా వచ్చిందని ఏళ్ళ తరబడి చేసిన లెక్కను పక్కన పడేశాడు. 8 నిమిషాలంటే పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. అదే 1609లో దీర్ఘవృత్తానికి దారితీసింది. తన తెలివిని అంత చిన్న తేడా కోసం వదులుకోగలగడం నాకు ఘనరూపాలకన్నా అందంగా కనిపిస్తుంది. ముచ్చటేమిటంటే, ఆ ఘనరూపాల మీద మమకారాన్ని ఆయన చివరిదాకా చంపుకోలేదు.

పాతపంచాంగం
మా నాన్నగారి పలక నాకు ఇంకా గుర్తున్నట్టే.

ఉత్తరాంధ్ర_ఉప్పుగాలి
సూర్యుడి దూరం కోసం నిజంగా ఆకాశం చూసినవారు మన ఊళ్ళోనే ఉన్నారని ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో ఒక వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. భూమి మీద దూరదూరపు చోట్ల నుంచి ఆ దాటడాన్ని గడియారం పెట్టి చూసి, సమయాల తేడా నుంచి సూర్యుడి దూరం తీయాలన్నది అప్పటి ప్రపంచమంతటి ప్రయత్నం. లంబనం కంటికి అందదని పాతపంచాంగం గారన్న చిక్కును వారు అలా దాటారు. ఈ సంగతి మా బళ్ళో నాకు ఎవరూ చెప్పలేదు.

చాక్‌పీసు_మాస్టారు
అందరి పోస్టులూ అచ్చువేసుకుని తరగతికి తీసుకువెళ్ళాను. ముందుగా ముప్ఫైయారు జవాబులనూ పిల్లలచేతనే వేయించాను. నెప్ట్యూన్ అవతలి సూర్యుడికి బాగా నవ్వారు. నరసింగరావు గారి గురించి చెప్పాక, మనమూ ఏదైనా కొలుద్దామని అడిగారు.

కిటికీకి నల్ల అట్ట కట్టి, గుండుసూదితో ఒక బెజ్జం పెట్టాం. పొద్దుటి ఎండ అందులోంచి వచ్చి, రెండు మీటర్ల అవతల పట్టుకున్న తెల్లకాగితం మీద గుండ్రటి సూర్యబింబంగా పడింది. స్కేలు పెట్టి చూస్తే ఒకరు 18 మిల్లీమీటర్లన్నారు, ఇంకొకరు 19 అన్నారు. మధ్యస్థంగా పద్దెనిమిదిన్నర రాసుకుని, 2,000ను దానితో భాగించాం. సూర్యుడి దూరం అతని వ్యాసానికి ఎన్ని రెట్లో అది చెబుతుంది. జవాబు 108.

“జపమాల!” అని ముందు వరుసలోని అమ్మాయి అరిచింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. ఇక్కడ ఇంత చర్చ చదివి, స్వయంగా రాసి కూడా, నా ఒంట్లో ఆ పాత పులకరింత మళ్ళీ పాకింది. చేయి దానంతటదే 108 చుట్టూ సున్నా చుట్టబోయింది. మూడో వరుస పిల్లవాడు మాత్రం కాగితం దగ్గరే ఉన్నాడు. “అంచు మసకగా ఉంది సార్. 18 అనుకుంటే 111 వస్తుంది, 19 అనుకుంటే 105 వస్తుంది. పద్దెనిమిదిన్నర మనమే కదా రాసుకున్నాం?” అన్నాడు.

మూడు అంకెలూ బల్ల మీదే ఉంచి వచ్చాను. రేపు బెజ్జాన్ని ఇంకా చిన్నది చేసి, నాలుగు మీటర్ల దూరంలో పట్టుకుంటామట.

లెక్కలపిచ్చి
108 గురించి విడిగా ఒక చర్చ తెరుస్తున్నాను. మాస్టారు కొలతలు తెచ్చేదాకా శేషు గారు అందులో రాయకూడదు.

డల్లాస్_శేషు
కల్యాణిలో పుట్టినవాణ్ణి, ఆగలేను.